అండర్-23 జట్టు, ముగ్గురు పెద్దలు, వదలని క్లబ్బులు: ఒలింపిక్స్, ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్ వెనుక లెక్కలు

క్లుప్తంగా: ఒలింపిక్స్‌లోనూ ఆసియా క్రీడల్లోనూ ఆడేది దేశపు అసలు సీనియర్ జట్టు కాదు. వయసు హద్దు ఉన్న జట్టు, దానికి తోడు హద్దు దాటిన ముగ్గురు. అయితే ఏ దేశం బలంగా వస్తుంది, ఏ దేశం చతికిలపడుతుంది అన్నది తేల్చేది ఎక్కువగా వయసు కాదు. ఆటగాడిని పంపాలన్న నిర్బంధం క్లబ్బుల మీద లేకపోవడమే అసలు ముడి. 2008లో మెస్సీ వివాదం, 2018 ఆసియా క్రీడల్లో కొరియా స్వర్ణం, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో భారత్ ఓటమి, మూడింటికీ మూలం అదే.

పారిస్‌లో ఒలింపిక్స్ జరుగుతుంటే పారిస్ కుర్రాడే అయిన ఎంబాపె ఫ్రాన్స్ జట్టులో ఎందుకు లేడు? ఆసియాలో మేటి జట్లలో ఒకటైన జపాన్ ఆసియా క్రీడలకు కాలేజీ వయసు కుర్రాళ్లను ఎందుకు పంపుతుంది? 1951లో, 1962లో బంగారు పతకం గెలిచిన భారత్ 2018లో అసలు జట్టునే ఎందుకు పంపలేదు? నాలుగేళ్లకోసారి ఈ ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. విడివిడిగా చూస్తే ఒక్కోదానికి ఒక్కో కారణం కనిపిస్తుంది. కలిపి చూస్తే అన్నీ ఒకే చోట ముడిపడి ఉంటాయి.

### ప్రపంచకప్‌కు పోటీ రాకూడదని

జాతీయ జట్లతో ఒలింపిక్ ఫుట్‌బాల్ సక్రమంగా మొదలైంది 1908 లండన్‌లో. అప్పటికి ప్రపంచకప్ లేదు కాబట్టి ఒలింపిక్ స్వర్ణమే లోకంలో పెద్ద బిరుదు. 1924లో, 1928లో ఉరుగ్వే ఆ బిరుదు గెలిచింది. కానీ ఒలింపిక్స్ అంటే అమెచ్యూర్లే ఆడాలి. ఆట మీద బతికేవాడికి ప్రవేశం లేదు. మంచి ఆటగాళ్లేమో జీతానికి ఆడటం మొదలుపెట్టారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాకూ ఒలింపిక్ కమిటీకీ మధ్య ఈ గొడవ ముదిరి, 1930లో ఫిఫా తన సొంత ప్రపంచకప్ పెట్టుకుంది. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాలే లేదు.

యుద్ధం తరువాత అమెచ్యూర్ నిబంధన వింత ఫలితం ఇచ్చింది. పశ్చిమ ఐరోపాలో అసలు ఆటగాళ్లంతా ప్రొఫెషనల్స్, ఒలింపిక్స్‌కు పనికిరారు. తూర్పు ఐరోపాలో ఆటగాళ్లు కాగితాల మీద సైనికులు, ప్రభుత్వ ఉద్యోగులు. అంటే సీనియర్ జాతీయ జట్టే ఒలింపిక్స్‌కు రావచ్చు. 1952 నుంచి 1980 వరకు జరిగిన 8 ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం ఆ దేశాలకే పోయింది: హంగరీ మూడుసార్లు, సోవియట్ యూనియన్, యుగోస్లావియా, పోలెండ్, తూర్పు జర్మనీ, చెకోస్లోవేకియా ఒక్కోసారి.

1984లో ప్రొఫెషనల్స్‌కు తలుపు తీశారు. అయితే ఐరోపా, దక్షిణ అమెరికా జట్లు ప్రపంచకప్ ఆడినవారిని తీసుకోకూడదని మెలిక పెట్టారు. 1992 బార్సిలోనాతో అండర్-23 నిబంధన వచ్చింది. 1996 అట్లాంటా నుంచి వయసు దాటిన ముగ్గురిని అనుమతించారు. ఒలింపిక్ కమిటీకి టికెట్లు అమ్ముడుపోయే పేర్లు కావాలి. ఫిఫాకు తన ప్రపంచకప్ విలువ తగ్గకూడదు. ఆ ఇద్దరి మధ్య కుదిరిన రాజీ ఈ ముగ్గురు.

ఆ రాజీ కొత్త దేశాలకు దారి తీసిన మాట కూడా నిజం. 1996లో నైజీరియా సెమీస్‌లో బ్రెజిల్‌ను 4-3తో, ఫైనల్లో అర్జెంటీనాను 3-2తో ఓడించింది. 2000 సిడ్నీలో కామెరూన్ గెలిచింది. సీనియర్ ప్రపంచకప్‌లో ఏ ఆఫ్రికా దేశమూ ఇప్పటిదాకా ఆ మెట్టు ఎక్కలేదు.

ఆసియా క్రీడల్లో 1951 నుంచి 1998 వరకు ఆడింది సీనియర్ జట్లే. 2002 బుసాన్ నుంచి ఇక్కడా అండర్-23, ముగ్గురు సీనియర్లు. కామన్వెల్త్ క్రీడల్లో ఫుట్‌బాల్ లేనే లేదు. మహిళల ఒలింపిక్ ఫుట్‌బాల్‌కు మాత్రం వయసు హద్దు లేదు, అక్కడికి వచ్చేవి అసలు జాతీయ జట్లే. పురుషుల విభాగంలో మాత్రమే ఈ చిక్కంతా.

### పుట్టిన తేదీ లెక్క

అండర్-23 అనగానే 23 నిండనివారు అనుకుంటాం. నిబంధన అలా లేదు. క్రీడలు జరిగే సంవత్సరంలోంచి 23 తీసేసి, ఆ ఏడాది జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి అర్హత ఇస్తారు. పారిస్ 2024కు హద్దు 2001 జనవరి 1. తొలి మ్యాచ్‌లు జులై 24న జరిగాయి. 2000 డిసెంబర్ 31న పుట్టినవాడికీ 2001 జనవరి 1న పుట్టినవాడికీ ఆ రోజుకు 23 ఏళ్లు నిండే ఉన్నాయి. మొదటివాడు ముగ్గురు పెద్దల కోటాలో రావాలి, రెండోవాడు మామూలుగా వస్తాడు. ఒక్క రోజు తేడా.

టోర్నీ వాయిదా పడితే ఏం చేయాలన్న ప్రశ్న కరోనా కాలంలో వచ్చింది. 2020 టోక్యో ఒలింపిక్స్ 2021కి జరిగాయి. పుట్టిన తేదీ హద్దును 1997 జనవరి 1గానే ఉంచారు కాబట్టి అది అండర్-24 టోర్నీ అయింది. 2022 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు 2023కి జరిగినప్పుడూ అదే పద్ధతి, హద్దు 1999 జనవరి 1. అర్హత పోటీల్లో చెమటోడ్చిన కుర్రాళ్లు తమ తప్పు లేకుండా వయసు దాటిపోకూడదన్నది ఇందులోని న్యాయం.

ఐరోపాలో ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు. అక్కడ ఒలింపిక్ బెర్తులు యూరో అండర్-21 టోర్నీ నుంచి వస్తాయి. ఆ టోర్నీకి వయసు లెక్క రెండేళ్ల అర్హత చక్రం మొదలైనప్పటిది. 2023 అండర్-21 యూరోలో 2000 జనవరి 1 తరువాత పుట్టినవారు ఆడొచ్చు. పారిస్‌కు హద్దేమో 2001. అంటే బెర్తు సంపాదించిన జట్టులో 2000లో పుట్టినవాళ్లంతా ఒలింపిక్స్ నాటికి ‘పెద్దవాళ్లు’ అయిపోతారు. ఆ టోర్నీ గెలిచిన ఇంగ్లండ్‌కు ఒలింపిక్స్‌లో విడిగా జట్టు లేదు కాబట్టి స్పెయిన్, ఇజ్రాయెల్, ఉక్రెయిన్ ముందుకు వచ్చాయి, ఆతిథ్య దేశంగా ఫ్రాన్స్ ఎలాగూ ఉంది.

ఇక్కడ స్పెయిన్ చేసిన పని తెలివైనది. ముగ్గురు పెద్దల కోటాలో ప్రపంచ స్టార్ల వెంట పడలేదు. అబెల్ రూయిజ్, హువాన్ మిరాండా, సెర్హియో గోమెజ్‌లను తీసుకుంది. ముగ్గురూ 2000లో పుట్టినవాళ్లే, అదే తరం జట్లలో కలిసి ఎదిగినవాళ్లే. ఒకరి ఆట ఒకరికి తెలిసిన జట్టు చెదరకుండా పారిస్ చేరింది. ఫైనల్లో ఫ్రాన్స్‌ను అదనపు సమయంలో 5-3తో ఓడించి స్వర్ణం పట్టుకెళ్లింది.

ఎక్కువ దేశాలు ఈ కోటాను మరోలా వాడతాయి. ఒక గోల్‌కీపర్, ఒక సెంటర్ బ్యాక్, ఒక ఫార్వర్డ్, అంటే జట్టు వెన్నెముక. కుర్రాళ్ల జట్లు సాధారణంగా దెబ్బతినేది ఆ మూడు చోట్లే. వింగుల్లో వేగం 21 ఏళ్లకే వచ్చేస్తుంది. గోల్ ముందు నిలకడకూ, వెనుక నుంచి గద్దించి జట్టును నిలబెట్టే అలవాటుకూ ఇంకా సమయం పడుతుంది. పారిస్‌కు అర్జెంటీనా తెచ్చిన ముగ్గురు అచ్చంగా ఆ సూత్రమే: రూల్లి, ఒటమెండి, హూలియన్ అల్వారెజ్.

### అసలు ముడి: పంపాలన్న నిర్బంధం లేదు

ఫుట్‌బాల్ ఆటగాడికి జీతం ఇచ్చేది క్లబ్బు. ఫిఫా క్యాలెండర్‌లో గుర్తించిన అంతర్జాతీయ విరామాల్లో, ప్రపంచకప్, ఖండ స్థాయి కప్ లాంటి సీనియర్ టోర్నీల్లో క్లబ్బు ఆటగాడిని జాతీయ జట్టుకు పంపి తీరాలి. ఒలింపిక్స్ పురుషుల ఫుట్‌బాల్, ఆసియా క్రీడలు ఆ జాబితాలో లేవు. ఫుట్‌బాల్ సంఘం అడగగలదు, బతిమాలగలదు, ఆజ్ఞాపించలేదు.

ఈ విషయం న్యాయస్థానంలో తేలింది 2008లో. 21 ఏళ్ల మెస్సీ బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్జెంటీనా జట్టులో ఉన్నాడు. బార్సిలోనాకు అదే ఆగస్టులో చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌లు ఉన్నాయి. బ్రెజిల్ ఆటగాళ్ల విషయంలో జర్మనీ క్లబ్బులు వెర్డర్ బ్రెమెన్, షాల్కె కూడా గొంతు కలిపాయి. 23 లోపువారిని పంపి తీరాల్సిందేనన్నది ఫిఫా వాదన. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆగస్టు 6న, అంటే అర్జెంటీనా తొలి మ్యాచ్‌కు ముందు రోజు, క్లబ్బుల పక్షాన తీర్పు ఇచ్చింది. కారణాలు రెండు: టోర్నీ ఫిఫా సమన్వయ క్యాలెండర్‌లో లేదు, పంపి తీరాలని ఫిఫా కార్యవర్గం ప్రత్యేక నిర్ణయమూ చేయలేదు. గెలిచిన తరువాత బార్సిలోనా మెస్సీని ఆడనిచ్చింది. అర్జెంటీనా స్వర్ణం గెలిచింది. కానీ ఆ రోజు నుంచి సూత్రం స్థిరపడింది: క్లబ్బు ఒప్పుకుంటేనే ఆట.

ఎంబాపె పారిస్‌లో ఆడకపోవడానికి కారణం ఇదే. ఆ వేసవిలోనే చేరిన రియల్ మాడ్రిడ్ ఒలింపిక్స్‌కు ఒప్పుకోలేదు. కోచ్ తియెరీ ఆన్రీ అడిగినవారిలో మరికొందరి విషయంలోనూ క్లబ్బులు కాదన్నాయి. అందుకే ఒలింపిక్ జట్టు ప్రకటన మామూలు జట్టు ప్రకటనలా ఉండదు. కోచ్ ముందు తనకు కావలసినవారి పేర్లు రాసుకుంటాడు, తరువాత ఒక్కో క్లబ్బుకు ఫోన్లు వెళతాయి, చివరికి ప్రకటించేది ‘వచ్చేవాళ్ల’ జాబితా. ఈ తేడా తెలియక ‘ఫలానావాణ్ని ఎందుకు తీసుకోలేదు’ అని కోచ్‌ను నిందించడం ప్రతిసారీ జరుగుతుంది.

### కొరియా దగ్గర ఉన్న తాళంచెవి

క్లబ్బును నిర్బంధించలేనప్పుడు ఒప్పించాలి. ఒప్పించడానికి క్లబ్బుకు ఏదో లాభం చూపించాలి. దక్షిణ కొరియా దగ్గర అలాంటిది ఒకటి ఉంది.

ఆ దేశంలో ఆరోగ్యంగా ఉన్న యువకులంతా సైన్యంలో పనిచేయాలి, ఏడాదిన్నరకు తగ్గకుండా. ఒలింపిక్స్‌లో ఏ పతకం గెలిచినా, ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినా కొన్ని వారాల ప్రాథమిక శిక్షణతో సరిపోతుంది. ఆ తరువాత తన క్రీడలోనే కొనసాగుతూ నిర్ణీత గంటలు సమాజ సేవ చేయాలి. ఐరోపా క్లబ్బు కళ్లతో చూస్తే ఇది సూటి లెక్క. మూడు వారాలు ఆటగాడిని వదిలితే దాదాపు రెండేళ్లు అతను చేజారిపోయే ముప్పు తప్పుతుంది.

సన్ హ్యూంగ్-మిన్ విషయంలో రెండు వైపులూ కనిపిస్తాయి. 2014 ఇంచియాన్ క్రీడలకు అతని అప్పటి క్లబ్బు బేయర్ లెవర్‌కుసెన్ పంపలేదు. కొరియా స్వర్ణం గెలిచింది, సన్‌కు మినహాయింపు రాలేదు. 2018 నాటికి అతను టాటెన్‌హామ్‌లో ఉన్నాడు, వయసు 26, సైన్యం పిలుపు దగ్గరపడుతోంది. క్లబ్బు ఆగస్టులో, సీజన్ మొదలవుతుండగానే పంపింది. బదులుగా కొరియా సంఘం నవంబర్ స్నేహపూర్వక మ్యాచ్‌లకు, 2019 జనవరి ఆసియా కప్‌లో మొదటి రెండు మ్యాచ్‌లకు అతన్ని అడగబోమని ఒప్పుకుంది. సీనియర్ ఆసియా కప్ మ్యాచ్‌లు వదులుకుని అండర్-23 టోర్నీకి ఆటగాడిని తెచ్చుకోవడం మరే దేశంలోనైనా వింతగానే కనిపిస్తుంది. అక్కడ మాత్రం ఆ బేరం అర్థమయ్యేదే.

ఆ జట్టు గ్రూపులో మలేసియా చేతిలో 1-2తో ఓడింది కూడా. ఫైనల్లో జపాన్‌తో 90 నిమిషాలు గోల్ లేదు. అదనపు సమయంలో లీ సుంగ్-వూ, హ్వాంగ్ హీ-చాన్ కొట్టిన రెండు గోల్స్‌కూ దారి చూపింది సన్. 2-1. అతను 2020లో మూడు వారాల శిక్షణ పూర్తిచేసి తిరిగి ఇంగ్లండ్ వెళ్లాడు. 2023 హాంగ్‌ఝౌలోనూ ఫైనల్ జపాన్‌తోనే, ఫలితం మళ్లీ 2-1. ఫ్రాన్స్ క్లబ్బు పీఎస్‌జీ నుంచి ఆలస్యంగా చేరిన లీ కాంగ్-ఇన్ మూడో గ్రూపు మ్యాచ్‌కు గానీ మైదానంలోకి రాలేదు. అయినా రప్పించారు. కొరియాకు అది వరుసగా మూడో స్వర్ణం.

జపాన్ దారి వేరు. ఆసియా క్రీడలను అది రాబోయే ఒలింపిక్స్‌కు తయారీగా చూస్తుంది. 2018లో అండర్-21 జట్టును, ఒక్క సీనియర్ కూడా లేకుండా పంపింది. హాంగ్‌ఝౌలోనూ సీనియర్లు లేరు. క్లబ్బులతో పేచీ లేదు, ఎందుకంటే వాళ్లకు ముఖ్యమైనవారిని అడగనే అడగదు. అలా వెళ్లి రెండుసార్లూ ఫైనల్ దాకా రావడం ఆ దేశంలో కుర్రాళ్ల ఫుట్‌బాల్ ఎంత లోతుగా ఉందో చెబుతుంది.

### 17 రోజులు, 6 మ్యాచ్‌లు, 18 మంది

పారిస్‌లో స్వర్ణం గెలిచిన జట్టు జులై 24, 27, 30, ఆగస్టు 2, 5, 9 తేదీల్లో ఆడింది. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య రెండు రోజుల విశ్రాంతి, ఫైనల్‌కు ముందు మాత్రం మూడు. ఫుట్‌బాల్ ఎప్పుడూ ప్రారంభోత్సవానికి ముందే మొదలవ్వడానికి కారణం ఇదే. ఆరు మ్యాచ్‌లను క్రీడల తేదీల్లోనే ఇరికిస్తే ఆటగాళ్ల కాళ్లు తట్టుకోవు.

ప్రధాన జట్టులో 18 మందే. ఇద్దరు గోల్‌కీపర్లు పోతే 16 మంది. ఆరు మ్యాచ్‌ల్లో మైదానంలో ఉండాల్సిన పదేసి మంది నిమిషాలు మొత్తం 5,400. అందరికీ సమానంగా పంచినా తలకు 337 నిమిషాలు. ప్రపంచకప్‌తో పోల్చండి: 2022 ఖతర్‌లో 26 మంది జట్టు, ముగ్గురు కీపర్లు పోను 23 మంది, ఏడు మ్యాచ్‌లకు 6,300 నిమిషాలు, తలకు 274. పైగా అక్కడ టోర్నీ 29 రోజులు. ఒలింపిక్స్‌లో తక్కువ రోజుల్లో, తక్కువ మందితో, తలకు ఎక్కువ పరుగు. అందుకే కోచ్‌లు రెండు స్థానాల్లో ఆడగలిగినవాడి కోసం వెతుకుతారు. ఒక్క లెఫ్ట్ బ్యాక్‌గానే పనికొచ్చేవాడికి 18 మందిలో చోటు దొరకడం కష్టం.

సీజన్ అయిపోయాక వచ్చే టోర్నీ కావడం ఇంకో భారం. స్పెయిన్‌కు చెందిన ఫెర్మిన్ లోపెజ్, అలెక్స్ బయేనా జులై 14న బెర్లిన్‌లో యూరో కప్ అందుకున్న జట్టులో ఉన్నారు. పది రోజులకు స్పెయిన్ ఒలింపిక్ జట్టు ఉజ్బెకిస్తాన్‌తో ఆడుతోంది. క్లబ్బుల భయానికి ఇలాంటి క్యాలెండర్లే ఆధారం, ఆ భయాన్ని స్వార్థం అని కొట్టిపారేయలేం.

### ఒక్క గోల్ తేడా: సెయింట్ ఎటియెన్‌లో జరిగింది

నాలుగు జట్ల గ్రూపు, తలకు మూడే మ్యాచ్‌లు. ఇంత చిన్న గ్రూపులో ఒక్క నిర్ణయం ఎంత దూరం పోతుందో చూడాలంటే 2024 జులై 24న అర్జెంటీనా, మొరాకో మ్యాచ్ చాలు.

మొరాకో 2-1తో ముందుంది. గాయాలు, ఆలస్యాల వల్ల అదనంగా కలిపిన సమయం చాలా పొడవుగా సాగింది. అలా కలిపిన సమయంలో 16వ నిమిషాన అర్జెంటీనా ఆటగాడు మెడీనా గోల్ కొట్టి 2-2 చేశాడు. ప్రేక్షకులు మైదానంలోకి దూకారు, వస్తువులు విసిరారు, ఆట ఆగింది. జట్లు లోపలికి వెళ్లిపోయాయి. మ్యాచ్ డ్రా అయిందనే అందరూ అనుకున్నారు. దాదాపు రెండు గంటల తరువాత స్టేడియం ఖాళీ చేయించి జట్లను మళ్లీ పిలిచారు. వీడియో పరిశీలనలో ఆఫ్‌సైడ్ తేలింది, గోల్ రద్దయింది. ఖాళీ కుర్చీల ముందు ఇంకో మూడు నిమిషాలు ఆడించారు. మొరాకో 2-1.

తరువాత రెండు మ్యాచ్‌ల్లో అర్జెంటీనా ఇరాక్‌ను 3-1తో, ఉక్రెయిన్‌ను 2-0తో గెలిచింది. మొరాకో ఉక్రెయిన్ చేతిలో 1-2తో ఓడి, ఇరాక్‌ను 3-0తో గెలిచింది. ఇప్పుడు పట్టిక చూడండి. రెండు జట్లకూ 6 పాయింట్లు. రెండింటికీ కొట్టినవి 6, ఇచ్చినవి 3, గోల్ తేడా 3. ఒలింపిక్ నిబంధన ప్రకారం మొదట పాయింట్లు, తరువాత గోల్ తేడా, తరువాత కొట్టిన గోల్స్, అవీ సమానమైతే ఆ రెండు జట్ల మధ్య మ్యాచ్ ఫలితం. కాబట్టి మొరాకోకు మొదటి స్థానం. ఆ గోల్ నిలిచి ఉంటే అర్జెంటీనాకు 7, మొరాకోకు 4.

మొదటి స్థానం వల్ల మొరాకోకు క్వార్టర్ ఫైనల్లో అమెరికా ఎదురైంది, 4-0తో గెలిచింది. చివరికి ఈజిప్టును 6-0తో ఓడించి కాంస్యం తీసుకుంది. రెండో స్థానం వల్ల అర్జెంటీనాకు ఆతిథ్య ఫ్రాన్స్ తగిలింది. బోర్దోలో ఐదో నిమిషంలోనే మటెటా గోల్ కొట్టాడు, 0-1తో అర్జెంటీనా ఇంటికి.

### హాంగ్‌ఝౌలో భారత్: ఓటమి మైదానానికి ముందే

భారత్ కథలో క్లబ్బుల చిక్కుకు ముందు ప్రభుత్వ నిబంధన ఒకటి ఉంది. జట్టు క్రీడల్లో ఆసియాలో మొదటి 8 ర్యాంకుల్లో ఉంటేనే ఆసియా క్రీడలకు పంపాలన్నది ప్రమాణం. ఫుట్‌బాల్‌లో భారత్ ఆ దరిదాపుల్లో లేదు. 2018లో ఆ కారణంతోనే జట్టు వెళ్లలేదు. 2023 జులైలో మళ్లీ అదే అడ్డంకి వచ్చి, నెలాఖరులో క్రీడా శాఖ సడలింపు ఇచ్చింది. సీనియర్ జట్టు ర్యాంకును అండర్-23 జట్టుకు కొలతగా పెట్టడంలోనే లోపం ఉంది. అవి రెండూ వేరు జట్లు.

తరువాత తేదీలు చూడాలి. ఫిఫా విరామం సెప్టెంబర్ 4 నుంచి 12 వరకు. ఆ రోజుల్లో సీనియర్ జట్టు థాయ్‌లాండ్‌లో కింగ్స్ కప్ ఆడింది. ఆసియా క్రీడల్లో చైనాతో తొలి మ్యాచ్ సెప్టెంబర్ 19న. ఇండియన్ సూపర్ లీగ్ మొదలయ్యేది సెప్టెంబర్ 21న. అంటే క్లబ్బులు నిబంధన ప్రకారం పంపనక్కర్లేని రోజుల్లో, సరిగ్గా వాటి సీజన్ తలుపు తెరుచుకునే వారంలో జట్టు కావాలి. క్లబ్బులు ముఖ్యమైన ఆటగాళ్లను ఆపుకున్నాయి. ముందు ప్రకటించిన జాబితాకూ చివరికి విమానం ఎక్కిన జాబితాకూ పొంతన లేకుండా పోయింది. సునీల్ ఛెత్రి, సందేశ్ జింగన్ మాత్రం చేరారు.

జట్టు హాంగ్‌ఝౌలో దిగింది మ్యాచ్‌కు ముందు రోజు సాయంత్రం. కలిసి ఒక్క పూర్తి సాధన లేదు. మ్యాచ్ చూస్తే దాని ఆనవాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటి సగంలో గోల్‌కీపర్ గుర్మీత్ పెనాల్టీ ఆపాడు, రాహుల్ కేపీ గోల్ కొట్టాడు, విరామానికి 1-1. రెండో సగంలో చైనా నాలుగు గోల్స్ కొట్టింది. 1-5. నైపుణ్యంలో అంత తేడా ఉంటే మొదటి 45 నిమిషాలు అలా సాగేవి కావు. ప్రయాణ బడలిక, ఎవరు ఎక్కడ నిలబడాలో కుదరని వరుస, మార్చడానికి బెంచీ మీద మనుషులు లేకపోవడం, మూడూ రెండో సగంలోనే బయటపడతాయి.

తరువాత బంగ్లాదేశ్ మీద ఛెత్రి పెనాల్టీతో 1-0, మయన్మార్‌తో 1-1. మొత్తం 21 జట్లలో 16 ముందుకు వెళ్లే పద్ధతి కాబట్టి నాకౌట్ చేరారు. సౌదీ అరేబియా చేతిలో 0-2తో ఆగిపోయారు. పది రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు, 39 ఏళ్ల ఛెత్రి మీదే దాదాపు మొత్తం భారం.

### 1962 జట్టు ఇప్పటి నిబంధనలతో వెళ్లగలిగేదా?

తెలుగు నేలకు ఈ టోర్నీతో ఉన్న బంధం చిన్నది కాదు. 1951 ఢిల్లీలో, 1962 జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్లకు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ కోచ్ ఆయనే, జట్టులో హైదరాబాదీలు పలువురు.

జకార్తాలో తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది, కుట్లు పడ్డాయి. రహీం అతన్ని బయట కూర్చోబెట్టకుండా ముందుకు, ఫార్వర్డ్ స్థానానికి మార్చాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియా మీద 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. 2-1. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో చనిపోయారు.

ఇప్పుడు ఇవాళ్టి లెక్క ఆ జట్టు మీద వేసి చూద్దాం. 1962లోంచి 23 తీస్తే హద్దు 1939 జనవరి 1. కెప్టెన్ చునీ గోస్వామి 1938 జనవరిలో పుట్టాడు, ఏడాది తేడాతో వయసు దాటినట్టే. పీకే బెనర్జీ 1936, జర్నైల్ 1936, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం 1936, ఫైనల్లో గోల్ కాచిన హైదరాబాద్ పీటర్ తంగరాజ్ వాళ్లకంటే చిన్నవాడేమీ కాదు. ఈ ఐదుగురిలో ముగ్గురికే చోటు. ఫైనల్ గెలిపించిన జట్టు రూపమే మారిపోయేది.

ఆటగాళ్లను సమకూర్చుకోవడంలో తేడా ఇంకా పెద్దది. పీకే బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి, హైదరాబాదీల్లో చాలామంది పోలీసు శాఖలో ఉన్నారు. దేశం పిలిస్తే శాఖ సెలవిచ్చేది, జీతం ఆగేది కాదు, శాఖకు అది గౌరవం. ఇవాళ ఆ స్థానంలో లీగ్ ఒప్పందాలు, ప్రసార తేదీలు, గాయపడితే నష్టం ఎవరిదన్న ప్రశ్న ఉన్నాయి. అప్పటివాళ్లకు దేశభక్తి ఎక్కువ, ఇప్పటివాళ్లకు తక్కువ అని తేల్చేసే మాటలు తరచూ వినిపిస్తాయి. హాంగ్‌ఝౌ వెళ్లిన కుర్రాళ్లకు ఆ మాట అన్యాయం. మారింది జీతం ఇచ్చే చెయ్యి.

### ముందున్న తేదీలు

2028 లాస్ ఏంజెలెస్‌లో పురుషుల జట్లు 16 నుంచి 12కు తగ్గుతాయి, మహిళల జట్లు 12 నుంచి 16కు పెరుగుతాయి. అసలు జాతీయ జట్లు ఆడే విభాగానికి ఎక్కువ చోటు ఇవ్వడం సబబైన నిర్ణయం. అయితే పురుషుల విభాగంలో పారిస్‌కు మూడు నేరు బెర్తులు, ఆఫ్రికాతో ప్లేఆఫ్‌కు ఒకటి దక్కిన ఆసియాకు ఇక దారి మరింత ఇరుకవుతుంది.

అంతకు ముందు 2026 సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 వరకు జపాన్‌లోని ఐచీ-నగోయాలో ఆసియా క్రీడలు. ఫిఫా కొత్త క్యాలెండర్‌లో సెప్టెంబర్, అక్టోబర్ విరామాలను ఒకటిగా కలిపి సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 6 వరకు పెట్టారు. రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. లీగులు ఆగే రోజులు కాబట్టి క్లబ్బుల అభ్యంతరం కొంత మెత్తబడొచ్చు. అదే సమయంలో సీనియర్ జట్టుకూ నాలుగు మ్యాచ్‌ల అవకాశం ఉంటుంది. 22 ఏళ్ల మంచి మిడ్‌ఫీల్డర్ ఉన్న దేశంలో ఈసారి పేచీ క్లబ్బుకూ సంఘానికీ మధ్య కాక, ఒకే సంఘంలోని ఇద్దరు కోచ్‌ల మధ్య వస్తుంది.